వెనక సీటులో ఎడమవైపు

సెప్టెంబరు 1, సోమవారం

ముందుగా ఒక మాట. నా దస్తూరి బాగుండదు. కోడి గెలికినట్టు ఉంటుందని అక్క అంటుంది. ఊరి బడిలో అయిదో తరగతి దాకా చదివాను. ఆ తరువాత చేతిలోకి స్టీరింగు వచ్చింది, పలక పోయింది. ఒత్తులు, దీర్ఘాలు తప్పుతాయి. ఈ పుస్తకం పొరపాటున ఎవరి చేతిలోనైనా పడితే నవ్వుకోకుండా సర్దుకుని చదువుకోవాలి.

పుస్తకం మేనకోడలు ఇచ్చింది. వాళ్ళ ఆఫీసులో మిగిలిపోయిన డైరీ. "మామయ్యా, నీ నోట్లోంచి మాట రావాలంటే కింద జాకీ పెట్టి లేపాలి. కనీసం ఇందులోనైనా రాసుకో" అంది. అక్క కూతురు కదా, అక్క నోరే వచ్చింది.

రాయడానికి ఉన్నది ఒకటే సంగతి. మా పాత కారు పని అయిపోయింది. మొన్న శుక్రవారం వంతెన ఎక్కుతూ ఆగిపోయింది. వెనక అక్క ఉంది. దారినపోయే పాల వ్యాను ఆయన ఎక్కించుకోబట్టి ఆసుపత్రికి చేరాం. అప్పటికే వేళ దాటింది. నర్సు నన్నేమీ అనలేదు. అక్కతో అంది. "మీ డ్రైవరుకు చెప్పండమ్మా, ఇంకోసారి ఇలా అయితే మంచం వేరేవాళ్ళకు ఇచ్చేస్తాం." డ్రైవరు కాదు, తమ్ముడు అని అక్క చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

అక్కకు మంగళవారం, శుక్రవారం డయాలసిస్. ఒకటి తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది, ఊపిరి అందదు. టాక్సీ ఎక్కితే వాంతులు. నేను నడిపితే మాత్రం నిద్రపోతుంది. అందుకని కారు కొనాలి. కొత్తది మా వల్ల కాదు. రేపటికి మేనకోడలు ఎవరి కారో అడిగి తెస్తానంది. శుక్రవారం నాటికి మాది మాకు ఉండాలి.

"ఏ రంగైనా సరే, ఏ కంపెనీ అయినా సరే. పొద్దున తాళం తిప్పితే పలకాలి. ఇంట్లో పలకని వాడు ఒకడున్నాడు, చాలు" అంది అక్క.

సెప్టెంబరు 3, బుధవారం

మేస్త్రీ షెడ్డుకు వెళ్ళాను. నా పాత కారును ఇన్నాళ్ళు బతికించింది ఈయనే. ఒక తెల్లబండి చూపించాడు. మందుల కంపెనీ వాళ్ళు అట్టపెట్టెలు మోయించారట. సీట్లకు ఇంకా ఆ వాసన ఉంది.

"దీనికి తెలివితేటలు లేవు పెద్దాయనా. తాళం తిప్పితే కదలడం, బ్రేకు నొక్కితే ఆగడం. ఇంకేం తెలీదు. నీకు కావలసింది అదే."

నడిపి చూశాను. స్టీరింగు తడిసిన గోనెసంచిని తిప్పినట్టు ఉంది. గేరు మార్చాలంటే బతిమాలాలి. కానీ ఎక్కడా తడబడలేదు. ఇంజను చప్పుడు శుభ్రంగా ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"కషాయం తాగి బాగుంది అన్నట్టుంది నీ మొహం" అని నవ్వాడు. "సరదాకి ఇంకోటి చూస్తావా? కొనకు, ఊరికే చూడు. నేను దాన్ని విప్పి ఎరగను. అలాంటి బండ్లు నాలుగు రోజులు ఎగురుతాయి, అయిదో రోజు నడిరోడ్డు మీద అలుగుతాయి."

వెనక సందులో ఉంది. ముదురు ఎరుపు. యజమాని పలచటి మనిషి. గేటు లోపలే నిలబడి తాళం పైనుంచి అందించాడు. మీరూ రండి అన్నాను. వద్దు, మీరు వెళ్ళి రండి అన్నాడు. మాట్లాడినంతసేపూ బండి వైపు చూడలేదు.

వెనక సీటుకు ప్లాస్టిక్ కవరు తీయలేదు. కొన్ననాటిది. ఎడమవైపు మాత్రం పల్లం పడి ఉంది.

"వెనక ఎవరు కూర్చునేవారండి?"

"ఎవరూ లేరండి. ఆ తలుపులు నేను తెరిచింది లేదు."

నేను ఇంకేమీ అడగలేదు. అడగడం నాకు రాదు.

ఇక నడపడం సంగతి. ఎలా రాయాలో తెలియడం లేదు. నలభై ఏళ్ళు మిల్లు మేనేజర్ల కార్లు నడిపాను. అవి వాళ్ళ కార్లు. వాళ్ళ తొందర, వాళ్ళ నిదానం. మిల్లులో మొదటి రోజే నేర్పిన పద్ధతి ఒకటుంది. అద్దం పైకి తిప్పి పెట్టుకోవాలి. వెనక కూర్చున్నవారి మొహం డ్రైవరుకు కనపడకూడదు. వెనక్కి తిరగకూడదు. తలుపు పడిన చప్పుడు వినాలి, బయలుదేరాలి. అంతే. ఈవేళ కూడా కూర్చోగానే అద్దం పైకి తిప్పాను. అక్కడిదాకా మామూలే.

ఆ తరువాత గేరు నా చెయ్యి కంటే ముందే పడింది. మలుపు దగ్గర నేను అనుకున్నంతలోనే తిరిగింది. మోకాలి నొప్పి ఉందో లేదో గుర్తు లేదు. మళ్ళీ ఆ గేటు దగ్గర ఆపేసరికి నా పెదవులు నొప్పి పుట్టాయి. నవ్వుతూ ఉన్నానన్నమాట.

సెప్టెంబరు 4, గురువారం

తెల్లబండి కొనాలి. అక్క ప్రాణం సరదాల మీద పెట్టేది కాదు. పొద్దున్నే మేస్త్రీకి చెప్పి వస్తాను.

సాయంత్రం. ఎర్రబండి కొన్నాను. గతుకుల్లో అక్క నడుము అదరదు. తెల్లదానిలో అదురుతుంది. అక్క కోసమే కొన్నాను.

మేస్త్రీ గుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఉండిపోయాడు. "తెల్లదాన్ని కొన్నాళ్ళు ఎవరికీ ఇవ్వనులే" అన్నాడు.

సెప్టెంబరు 5, శుక్రవారం

తాళం తిప్పగానే పలికింది. వేళకంటే ముందే చేరాం.

అక్క ఎక్కుతూనే "ఈ సీటు వెచ్చగా ఉందేమిట్రా" అంది. రాత్రంతా బయట వానలో తడిసిన బండి. ఇంజను వేడి అన్నాను. ఇంజను ముందుంటుందని అక్కకు తెలుసు. కుడివైపుకు జరిగి కూర్చుంది.

వచ్చేటప్పుడు పడుకుంటుందనుకున్నాను. పడుకోలేదు. "మూగన్నా, ఇది బండి కాదురా, ఊయల. నువ్వు కూడా కొనగలవన్నమాట" అంది.

మేనకోడలికి ఫోనులో కూడా చెప్పింది. నేను విన్నాను.

సెప్టెంబరు 7, ఆదివారం

బండికి అలవాటు కావాలి. అందుకని ఏటిగట్టు రోడ్డు మీద ఒకసారి తిప్పాను. ఆ రోడ్డు ఆసుపత్రికి చుట్టు, కానీ ఖాళీగా ఉంటుంది. మలుపులు ఉంటాయి.

మలుపు తిరిగినప్పుడల్లా వెనక ప్లాస్టిక్ చప్పుడు చేస్తోంది. కుడికి తిరిగితే ఎడమవైపు ఒత్తుకున్నట్టు, ఎడమకు తిరిగితే సర్దుకున్నట్టు. ఖాళీ కవరు గాలికి అలా అంటుంది. కిటికీలు మూసి ఉన్నాయి. ఎక్కడో సందు ఉండి ఉంటుంది, చూసుకోవాలి.

సెప్టెంబరు 8, సోమవారం

బండికి అలవాటు కావాలి. మళ్ళీ వెళ్ళాను.

సెప్టెంబరు 9, మంగళవారం

అక్కను తీసుకెళ్ళాను, తెచ్చాను. బండి బాగుంది. మంచం మీద వాల్చి దుప్పటి కప్పుతుంటే నా చెయ్యి పట్టుకుంది.

"ఈవేళ ఎంత బాగా మాట్లాడావురా. ఇన్నేళ్ళలో నీ నోటివెంట అన్ని మాటలు వినలేదు."

"ఏం మాట్లాడాను?"

"పోదువూ. ఏటిగట్టు మీదుగా పోదాం, అక్కడయితే ఎవరూ అడ్డురారు అన్నావు. సగం నిద్రలో ఉన్నాను. గొంతు కూడా హాయిగా ఉంది. సిగ్గు తీరిందనుకున్నాను."

ఊఁ అన్నాను.

సెప్టెంబరు 10, బుధవారం

నేను మాట్లాడలేదు.

సెప్టెంబరు 13, శనివారం

నిన్న డయాలసిస్ బాగానే అయింది. అది ముందు రాయాలి. వేళకు వెళ్ళాం, వేళకు వచ్చాం. బండిలో ఏ లోపమూ లేదు.

ఈవేళ ఏటిగట్టు మీద పెద్ద మలుపు దగ్గర నిదానించాను. వెనక నుంచి నిట్టూర్పు వినిపించింది. మిల్లు రోజుల్లో ఒక మేనేజరు ఉండేవాడు. నేను లారీల వెనక ఓపిగ్గా పోతుంటే అలాగే ఊపిరి వదిలేవాడు. ఆ చప్పుడుకు అర్థం నాకు తెలుసు. కాలు దానంతట అదే నొక్కింది. బండి రోడ్డును అంటిపెట్టుకుని తిరిగింది. వెనక నిశ్శబ్దం. మెచ్చుకున్న నిశ్శబ్దం వేరేగా ఉంటుంది. నలభై ఏళ్ళు అది విని బతికినవాణ్ణి.

వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు.

ఇంటికి వచ్చాక, ఎందుకో, వెనక తలుపు తెరిచి పక్కన నిలబడ్డాను. కాసేపు పట్టుకుని వేశాను. మనిషి ఉన్నా లేకపోయినా చేతులకు అలవాటు.

"ఎక్కడికి పోయొచ్చావు?" అంది అక్క.

"పెట్రోలుకు."

"నిన్నా పెట్రోలే, మొన్నా పెట్రోలే. బండిని కొన్నావా, తాగుబోతును తెచ్చి ఇంట్లో పెట్టావా?"

సెప్టెంబరు 15, సోమవారం

మేస్త్రీకి చూపించాను. అన్నీ విప్పి చూశాడు. తట్టాడు, విన్నాడు, కిందికి దూరాడు. బయటికి వచ్చి తల గోక్కున్నాడు.

"నేను అన్నది తప్పు పెద్దాయనా. అలిగే బండి కాదిది. దీన్ని నమ్మొచ్చు. తెల్లదానికంటే ఎక్కువ నమ్మొచ్చు."

ఇంత మంచి కబురు విని ఎందుకు సంతోషం కలగలేదో తెలియదు. బండి మీద అనుమానం పోయింది. అనుమానం అంతా పోలేదు.

పోయేటప్పుడు షెడ్డులోంచి చెయ్యి ఊపి, "ఒక్కడివే వచ్చావనుకున్నాను. ఆయన్ని ఎండలో కూర్చోబెట్టావేమిటి, లోపలికి పిలవొచ్చుగా" అన్నాడు. బండి ఎండలో ఉంది. అద్దాల మీద తళుకు. ఆయన కళ్ళకు ఏదో అనిపించి ఉంటుంది.

సెప్టెంబరు 16, మంగళవారం

అక్కను తీసుకెళ్ళి తెచ్చాను. కవరు తీసెయ్యరా, చెమట పడుతోంది అంది. తీస్తానన్నాను. తీయలేదు. వేరేవాళ్ళ వస్తువు ముట్టుకున్నట్టు అనిపించింది.

సెప్టెంబరు 18, గురువారం

బండికి అలవాటు కావాలి.

సెప్టెంబరు 19, శుక్రవారం

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్నే బండి గుమ్మం ముందు పెట్టాను. స్టీరింగు ముందు కూర్చున్నాను. అక్క లోపల చెప్పుల కోసం వెతుకుతోంది. మంచం కింద ఉన్నాయి అక్కా అన్నాను. వెనక తలుపు తెరుచుకుంది. సీటు కుంగిన చప్పుడు. తలుపు పడింది. బయలుదేరాను.

ఏటిగట్టు మీద అంత బాగా నా జన్మలో నడపలేదు. ఒక్క మలుపులోనూ బ్రేకు ముట్టలేదు. ఎండ నీళ్ళ మీద పడి బండి లోపలంతా వెలుగు కదులుతోంది. వెనక నుంచి రెండుసార్లు పలికారు. "పోనీ, పోనీ." అక్క గొంతు కాదని నాకు అప్పుడే తెలుసు. తెలియదని అబద్ధం రాయను. తెలిసీ, నిద్రలో గొంతు మారిందిలే అనుకున్నాను. అలా అనుకోవడం ఆ వేగంలో సులువు.

ఆసుపత్రి ముందు ఆపి, దిగి, వెనక తలుపు తెరిచి పక్కకు నిలబడ్డాను. నర్సు చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది.

"తాతా, అక్కగారేరి?"

అప్పుడు తిరిగి చూశాను. నలభై ఏళ్ళలో మొదటిసారి. సీటు ఖాళీ. ఎడమవైపు పల్లం మెల్లగా పైకి లేస్తోంది. ప్లాస్టిక్ టపటపమంటూ సర్దుకుంటోంది.

మా ఇద్దరికీ ఉన్న ఒక్క ఫోను అక్క సంచిలో ఉంది. తిరిగి వెళ్ళేసరికి అక్క గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉంది. చెప్పులు వేసుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని. ఏడవలేదు.

"నేను ఎక్కలేదురా" అంది.

"తలుపు పడింది అక్కా."

"పడింది. నేనూ విన్నాను. గుమ్మంలో నిలబడి చూశాను కూడా. ఎవరూ వెయ్యకుండానే పడింది. కేకేశాను. నువ్వు తిరగలేదు."

ఆసుపత్రికి మళ్ళీ తీసుకెళ్ళాను, పెద్ద రోడ్డు మీదుగా. మంచం వేరేవాళ్ళకు ఇచ్చేశారు. మంగళవారం రండి, మధ్యలో ఆయాసం వస్తే అత్యవసరానికి రండి అన్నారు. వచ్చే దారిలో అక్క ముందు సీట్లో కూర్చుంది. ఎప్పుడూ కూర్చోదు.

సెప్టెంబరు 20, శనివారం

అక్క కాళ్ళు వాచాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉంటోంది. నీళ్ళు తాగడం మానేసింది. బయటికి వెళ్ళలేదు. బండి దగ్గరికి అసలు వెళ్ళలేదు.

సెప్టెంబరు 21, ఆదివారం

పడుకుంటే ఊపిరి ఆడడం లేదని కూర్చునే ఉంది. మేనకోడలు అంబులెన్సు పిలిచింది. నేను బండి తీస్తానంటే అక్క ఆయాసంలోనే చెయ్యి అడ్డంగా ఊపింది. నేను నడిపే బండిని అక్క వద్దనడం ఇదే మొదలు.

సెప్టెంబరు 22, సోమవారం

గండం గడిచింది. రాత్రే మిషను పెట్టారు. ముక్కుకు గొట్టం ఉంది. కళ్ళు తెరిచింది. ఇంకోసారి ఇలా తప్పితే గుండె తట్టుకోదని డాక్టరు మేనకోడలికి చెప్పాడు. ఆమె నాకు చెప్పింది. చెబుతూ మామయ్యా అనలేదు.

అక్క నన్ను దగ్గరికి రమ్మంది. "ఆ బండి ఇచ్చెయ్యరా. ఆ తెల్లదేదో తెచ్చుకో. నాకు ఊయల వద్దు."

ఇచ్చేస్తాను అన్నాను. మాట ఇచ్చాను.

సెప్టెంబరు 23, మంగళవారం

వెళ్ళాను. షెడ్డు మూసి ఉంది.

సెప్టెంబరు 24, బుధవారం

మేస్త్రీ ఫోను చేశాడు. "నిన్న పొద్దుటి నుంచి షెడ్డులోనే ఉన్నాను పెద్దాయనా, రాలేదేం? మేనకోడలుగారు అంతా చెప్పింది. తెల్లదాన్ని కడిగించి పెట్టాను. రేపు సాయంత్రం దాకా ఆపుతాను. ఆ తరువాత వేరేవాళ్ళు పట్టుకుపోతారు. బండికి బండి, పైన ఏమీ వద్దు."

ఎర్రబండి పాత యజమాని ఇంటికి వెళ్ళాను. గేటు లోపలే నిలబడ్డాడు.

"వెనక్కి తీసుకోనండి" అన్నాడు, నేను నోరు తెరవకముందే.

"అందుకు రాలేదు."

"వెనక తలుపు తెరిచి పట్టుకున్నారా?"

"అవునండి. అలవాటు."

నేల చూస్తూ మొదలుపెట్టాడు. "నాకూ నడపడమంటే పిచ్చేనండి. కొన్న కొత్తలో నేనూ విన్నాను. మా ఆవిడ ఒక్కసారి ఎక్కి ఇక ఎక్కనంది. ఆవిడ పుట్టింటికి పోయాక కూడా నేను బండి అమ్మలేదు. తలుపు తెరిస్తే ఎక్కడ దిగుతారో అడగాల్సి వస్తుందని తెరవలేదు. దిగిపోతే బండి మామూలు బండి అయిపోతుందేమోనని."

"అడగలేదా?"

"మీరు అడిగారా?"

తలుపు వేసుకుని లోపలికి పోయాడు.

సెప్టెంబరు 25, గురువారం

మధ్యాహ్నం మేనకోడలు అక్కను ఇంటికి తెచ్చింది. అక్క సగం అయింది. చెయ్యి పట్టుకుంటే పుల్లలా ఉంది. దిండు సర్దుతుంటే అడిగింది.

"తెల్లది తెచ్చావా?"

"ఊఁ."

మూగవాడికి అదొక సుఖం. ఊఁ అంటే నిజమో అబద్ధమో ఎవరూ పట్టుకోలేరు. అక్క నమ్మింది. నమ్మి కళ్ళు మూసుకుంది.

నిజంగా తేవడానికే బయలుదేరాను. దేవుడి మీద ప్రమాణం చేయమన్నా చేస్తాను. షెడ్డు కనపడింది. తెల్లబండి బయటే ఉంది, తళతళా. మేస్త్రీ తాళం వేలికి తగిలించుకుని తిప్పుతూ నా వైపే చూస్తున్నాడు. బ్రేకు మీద కాలు పెట్టాను. వెనక నుంచి నిట్టూర్పు వినిపించింది. మలుపు దగ్గర వినిపించినట్టే.

మేస్త్రీ చెయ్యి ఎత్తాడు. నేనూ ఎత్తాను. ముందుకు పోనిచ్చాను. ఏటిగట్టు మీద ఒక్కసారి తిప్పి, ఇక ఇదే ఆఖరు అనుకుని, తిరిగి వచ్చేసరికి ఆ జాగా ఖాళీగా ఉంది. మేస్త్రీ షెడ్డు రేకు దింపుతున్నాడు.

బండి ఇంటి వెనక పెట్టాను, అక్క కిటికీలోంచి కనపడకుండా.

ఇక ఇక్కడి నుంచి నేను నాకోసం రాయడం లేదు. మీకోసం రాస్తున్నాను. నోటితో అడగాలని వెనక తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. అడగడం నాకు రాదు. రాయడమైతే కొంచెం వచ్చు. ఈ పుస్తకం తెరిచి సీటు మీద మీ పక్కన, కుడివైపు పెడుతున్నాను. పెన్ను మధ్యలో ఉంది.

మీరు అయ్యగారో అమ్మగారో నాకు తెలియదు. ఎవరని అడగను. మిల్లులో కూడా ఎవరినీ అడగలేదు. ఎక్కడ దిగాలో రాయండి. ఎంత దూరమైనా దింపుతాను, తలుపు తెరిచి పట్టుకుంటాను.

దిగడం ఇష్టం లేకపోతే అదీ రాయండి. నేను బలవంతపెట్టను. నిజం చెప్పాలంటే దిగమని అడగడానికి నాకూ మనసు రావడం లేదు. ఒక్కటే కోరుతున్నాను. మంగళవారం, శుక్రవారం మా అక్కవి. ఆ రెండు రోజులు ఆమె ఎక్కి కూర్చునే దాకా తలుపు వెయ్యకండి. పోనీ పోనీ అనకండి. ఆ రెండు రోజులు నేను పెద్ద రోడ్డు మీదుగా, నిదానంగా నడుపుతాను, మీరు ఓర్చుకోవాలి. మిగతా రోజులన్నీ మీవి. ఏటిగట్టు మీదకు మనమిద్దరమే వెళదాం. మలుపుల్లో బ్రేకు ముట్టను.

అక్కకు ఇంకోసారి తప్పితే ఆమె ఉండదు. ఆమె లేకపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేవారు మీరొక్కరే మిగులుతారు. మీకు అదే కావాలంటే మాత్రం ఆ మాట రాయకండి.

తెల్లవారితే శుక్రవారం. ఆమెను లేపేలోగా వచ్చి చూసుకుంటాను. దయచేసి తొందరగా జవాబు రాయండి.